అక్కడ కర్టెను... ఇక్కడ చాప

"మీ తరఫున సంతకం పెట్టేవాళ్ళు ఎవరున్నారు?"

ఏడాదిన్నర వ్యవధిలో ఈ ప్రశ్న నన్ను రెండుసార్లు అడిగారు. మొదటిసారి టోక్యోలో, నేను మంచం మీద ఉన్నప్పుడు. రెండోసారి గుంటూరు కొత్తపేటలో, మా నాన్న మంచం మీద ఉన్నప్పుడు. భాష వేరు, దేశం వేరు, ప్రశ్న మాత్రం ఒకటే. ఈ రెండు ఆసుపత్రుల మధ్య నేను చూసిన తేడాలు మీతో చెప్పుకోవాలనిపించింది. ఎక్కడ గొప్ప, ఎక్కడ తక్కువ అని తేల్చడానికి మాత్రం కాదు.

నేను టోక్యోలో నిషి-కసాయ్ అనే చోట ఉంటాను. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎక్కువగా ఉండే ప్రాంతం. 'లిటిల్ ఇండియా' అంటారు దాన్ని. కందిపప్పు దొరుకుతుంది, ఆవకాయ దొరుకుతుంది. అమ్మ, నాన్న మాత్రం దొరకరు. మామూలు రోజుల్లో ఆ లోటు పెద్దగా తెలియదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం రాత్రి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. మధ్యాహ్నం తిన్నది పడలేదేమో అనుకుని వాము నమిలి పడుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి నొప్పి కుడివైపు కిందకి దిగింది. నిటారుగా నిలబడలేకపోయాను. 119కి ఫోన్ చేశాను. అక్కడ అంబులెన్స్ నంబరు అదే, డబ్బులు తీసుకోరు. కాసేపటికే వచ్చేసింది.

వచ్చింది గానీ కదలదే! నన్ను లోపల పడుకోబెట్టి, బీపీ చూసి, ఒక్కో ఆసుపత్రికీ ఫోన్ చేసి "ఇలాంటి పేషెంటు ఉన్నారు, తీసుకుంటారా?" అని అడుగుతున్నారు. మూడో ఆసుపత్రి సరే అన్నాకే బండి కదిలింది. అక్కడి పద్ధతి అంతే. మన దగ్గరైతే ముందు తీసుకెళ్ళిపోతాం, బెడ్ లేదంటే అప్పుడు ఇంకోచోటికి పరిగెడతాం. నొప్పితో మెలికలు తిరుగుతున్నప్పుడు ఏ పద్ధతీ నచ్చదులెండి.

స్కాన్ తీసి అపెండిసైటిస్ అన్నారు. పొద్దున్నే ఆపరేషన్. ఆ వెంటనే ఒక కాగితాల కట్ట చేతికిచ్చారు. నా జపనీస్ ఆఫీసు మీటింగులకి సరిపోతుంది. నొప్పిలో ఉంటే అది సగానికి పడిపోతుందని ఆ రోజే తెలిసింది. ఎలర్జీలు రాశాను. గొడ్డుమాంసం, పందిమాంసం వద్దని టిక్ పెట్టాను. ఆఖరి కాగితం దగ్గర ఆగిపోయాను. హామీదారు సంతకం. బిల్లుకి, అవసరమైతే నా బాధ్యతకి పూచీ ఉండే మనిషి. నాతో కలిసి ఉండేవాళ్ళు కాకూడదు, సొంతంగా సంపాదించుకుంటూ ఉండాలి.

"మీ తరఫున ఎవరున్నారు?" అని నర్సు చాలా మర్యాదగా అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రూమ్మేట్ ఇండియా వెళ్ళింది. హామీదారు లేరన్న ఒక్క కారణంతో పేషెంటుని కాదనకూడదని జపాన్ ఆరోగ్య శాఖ 2018లోనే చెప్పిందట. అది నాకు తర్వాత తెలిసింది. చాలా ఆసుపత్రులు ఆ కాగితం అడుగుతూనే ఉంటాయి. ఆపరేషన్ ఆపలేదులెండి, రెండు రోజుల్లో ఇవ్వమన్నారు.

చివరికి మా మేనేజరుకి మెసేజ్ పెట్టాను. యాభై దాటిన మనిషి. మూడేళ్ళలో పని తప్ప ఇంకో మాట మాట్లాడలేదు నాతో. మర్నాడు రైలు మారి మరీ వచ్చాడు. అక్కడ సంతకం బదులు హంకో అనే చిన్న ముద్ర వేస్తారు. కాగితం మీద పేరు రాసి, ముద్ర వేసి, రెండు జెల్లీ ప్యాకెట్లు బల్ల మీద పెట్టి, "పని గురించి ఆలోచించకండి" అని వంగి నమస్కరించి వెళ్ళిపోయాడు. మొత్తం పది నిమిషాలు. జబ్బు ఏమిటని కూడా అడగలేదు. అడగకపోవడమే అక్కడ మర్యాద. ఆ మనిషి వెళ్ళాక నాకు ఏడుపొచ్చింది.

కర్టెను వెనక ఐదు రోజులు

నలుగురు పేషెంట్ల గది. ఒక్కో మంచం చుట్టూ ఒక కర్టెను. పగలూ రాత్రీ అందరూ దాన్ని మూసుకునే ఉంటారు. ఫోన్ మాట్లాడాలంటే సెలైన్ స్టాండు తోసుకుంటూ వరండా చివర ఉన్న హాల్లోకి వెళ్ళాలి. టీవీ చూడాలంటే ప్రీపెయిడ్ కార్డు కొనుక్కోవాలి, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలి. రాత్రి తొమ్మిదికి లైట్లు ఆర్పేస్తారు. ఆరింటికి లేపేస్తారు. సాయంత్రం ఆరింటికే రాత్రి భోజనం.

పేషెంటుతో పాటు ఎవరూ ఉండరు. ఉండనివ్వరు. మంచం దింపడం, తుడవడం, బట్టలు మార్చడం అన్నీ నర్సులే. మందులు వాళ్ళే తెస్తారు, ఆ బిల్లు ఎక్కడో తయారవుతుంటుంది. సెలైన్ బాటిల్ మార్చిన ప్రతిసారీ నా పేరు, పుట్టినరోజు నా నోటితో చెప్పించి, చేతి పట్టీ స్కాన్ చేసేవాళ్ళు. రోజుకి పదిసార్లు పుట్టినరోజు చెప్పుకున్నాను. 2006 నుంచి అక్కడ పెద్దాసుపత్రుల్లో సగటున ఏడుగురు పేషెంట్లకి ఒక నర్సు అనే లెక్క ఉంది. ఆ లెక్కకి తగ్గట్టే ఆసుపత్రికి డబ్బులొస్తాయి.

కొన్ని చూస్తే మాత్రం మన ఊళ్ళోనే ఉన్నట్టుండేది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు, నర్సు, ఆఖరికి తుడవడానికొచ్చిన ఆవిడ కూడా ఎంతో గంభీరంగా "గ్యాస్ పోయిందా?" అని అడిగేవాళ్ళు. పోయిందని చెప్పగానే వాళ్ళ ముఖంలో వెలుగు చూడాలి! చాలా ఆసుపత్రుల్లో నాలుగు, తొమ్మిది నంబర్ల గదులుండవు. వాళ్ళ భాషలో నాలుగుని పలికితే చావులా, తొమ్మిదిని పలికితే బాధలా వినిపిస్తుంది. చూడ్డానికొచ్చేవాళ్ళు కుండీలో మొక్క తేకూడదు. వేళ్ళు పాతుకున్నట్టు జబ్బు కూడా పాతుకుపోతుందని వాళ్ళ నమ్మకం. మనం ఆసుపత్రి నుంచి బయల్దేరేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనం చూడండి, అలాంటిదే.

ఇక తిండి. మొదట పల్చటి గంజి నీళ్ళు. తర్వాత మూడు పాళ్ళ జావ, ఐదు పాళ్ళ జావ, చివరికి పూర్తి జావ. దేనికదే పేరు, లెక్క ఉన్నాయి. పక్కన ఉప్పులో ఊరేసిన పుల్లటి ఉమెబోషి పండు ఒకటి. జ్వరమొస్తే మా నాయనమ్మ గంజిలో ఉప్పేసి, పాత నిమ్మకాయ బద్ద ఒకటి నంజుకోమనేది. గిన్నె మూత తీసిన క్షణంలో ఆ వాసన తగిలి కాసేపు స్పూను ముట్టుకోలేకపోయాను.

ఇంట్లో చెప్పలేదు. చెప్తే ఏం చేస్తారు? వీసా లేదు, ఇంగ్లీషు రాదు, నిద్ర పాడుచేసుకోవడం తప్ప. ఆ రోజుల్లో వీడియో కాల్ చేసినప్పుడు గోడ మాత్రమే కనిపించేలా కూర్చున్నాను.

"ముఖం ఏంటే అలా పీక్కుపోయింది?" అంది అమ్మ.

"చలి ఎక్కువగా ఉందమ్మా, ఆఫీసులో ఉన్నా" అన్నాను.

ఫోన్ పెట్టేసరికి పక్క మంచం బామ్మగారు నడిచే స్టాండు పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. తుంటికి ఆపరేషన్ అయి మూడు వారాలైంది. అక్కడ ఆసుపత్రిలో ఎక్కువ రోజులే ఉంచుతారు. అన్ని రకాల పడకలూ కలిపి చూస్తే సగటున పాతిక రోజులకి పైనే. నేనున్న ఐదు రోజుల్లో ఆవిడ కోసం ఒక్కరూ రాలేదు.

"అమ్మగారా?" అని అడిగింది ఫోన్ చూపించి. అవునన్నాను. "చెప్పావా?" అంది. లేదన్నాను. తలూపి ఊరుకుంది. కాసేపాగి తనే చెప్పింది. వయసులో ఉన్నప్పుడు వాళ్ళ అత్తగారి కోసం తను కూడా ఆసుపత్రిలో మంచం పక్కన నేల మీద నెలన్నర పడుకుందట. కోడలు కదా, తప్పదట. వీలుకాని వాళ్ళు కూలికి ఒకావిడని పెట్టుకునేవాళ్ళట.

నేను నమ్మలేదు. తర్వాత చదివితే నిజమే. పేషెంటు పక్కన మనిషిని పెట్టుకునే పద్ధతి జపాన్‌లోనూ ఉండేది. 1994లో చట్టం మార్చి, సేవ అంతా ఆసుపత్రి నర్సులే చెయ్యాలని దాన్ని తీసేశారు. అంటే నేను 'వాళ్ళ సంస్కృతి' అనుకున్నది ముప్పై ఏళ్ళ కిందటి ఒక ఏర్పాటు.

"ఇప్పుడు మంచిదేగా?" అన్నాను బామ్మగారితో.

"నడుం నొప్పి లేదు, మంచిదే" అని నవ్వింది. "రావాల్సిన అవసరం లేదు కదా, అందుకని ఎవరూ రారు" అంది.

బిల్లులో ముప్పై శాతం నాది. అదీ నెలకి ఒక పరిమితి దాటితే మిగతాది బీమాదే. 1961 నుంచి అక్కడ అందరికీ బీమా ఉంది. డబ్బు గురించి ఒక్క నిమిషం కూడా భయపడలేదు. ఇది మాత్రం గట్టిగా చెప్పాలి.

కొత్తపేటలో చాప

మరుసటి ఏడాది ఆగస్టులో మా మామయ్య ఫోన్ చేశాడు. నాన్న వాకిట్లో తడి మీద జారిపడి తొడ ఎముక విరిగిందట. పడింది సోమవారం. నాకు ఫోన్ వచ్చింది బుధవారం.

"రెండు రోజులు ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"అక్క వద్దంది అమ్మా. అంత దూరంలో ఉన్నావు, కంగారుపడతావని" అన్నాడు.

నేను ఆడిన నాటకమే నాకు తిరిగొచ్చింది.

హనేడా నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి గన్నవరం, అక్కణ్ణుంచి కారులో గుంటూరు. ఆసుపత్రి మూడో అంతస్తులో ఎనిమిది మంచాల వార్డు. మనుషులు మాత్రం పాతికమంది. నాన్న మంచం కింద ఒక చాప, దుప్పటి, ఫ్లాస్కు, స్టీలు క్యారియరు, చెప్పులు. అది అమ్మ ఇల్లు. మెడలో అటెండెంట్ పాసు వేలాడుతోంది.

సిస్టర్ ఒక చీటీ ఇస్తుంది. అటెండెంట్ కింద మందుల షాపుకి పరిగెత్తాలి. సిరంజీలు, గ్లవ్స్, దూది, సెలైన్ మనమే మోసుకురావాలి. మిగిలినవి మళ్ళీ కిందకి తీసుకెళ్ళి డబ్బులు వెనక్కి తెచ్చుకోవాలి. అటెండెంట్ లేని పేషెంటు ఇక్కడ ఏమైపోతాడు? అక్కడ ఏడుగురికి ఒక నర్సు చేసే పనిలో సగం ఇక్కడ అమ్మలు, భార్యలు, కూతుళ్ళు చేస్తున్నారు. జీతం లేకుండా, చాప మీద.

ఆపరేషన్‌కి రెండు యూనిట్ల రక్తం కావాలన్నారు, బదులుగా డోనర్లని తెచ్చుకోమన్నారు. జపాన్‌లో ఆ మాటే ఉండదు. రక్తం అంతా రెడ్‌క్రాస్ వాళ్ళు దాతల దగ్గర సేకరించి పెడతారు. నాకేమో గుండె గుభేలుమంది. మామయ్య కొడుకు ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. గంట తిరక్కుండా ఐదుగురు కుర్రాళ్ళు బైకుల మీద వచ్చారు. అందులో ముగ్గురికి మా నాన్న ఎవరో కూడా తెలియదు. రక్తమిచ్చి, ఫ్రూటీ తాగి వెళ్ళిపోయారు. టోక్యోలో ఇంత ధైర్యం నాకెప్పుడూ కలగలేదు. ఆ వాట్సాప్ గ్రూపు లేని కుటుంబం పరిస్థితి ఏమిటన్న భయం కూడా అప్పుడే కలిగింది.

సంతకం దగ్గరకొద్దాం. ఆపరేషన్ కాగితం తెచ్చిన సిస్టర్ నన్ను దాటి మామయ్యకి పెన్ను అందించింది.

"నేను కూతుర్ని సిస్టర్, నేను పెడతాను" అన్నాను.

"మగవాళ్ళెవరైనా ఉంటే మంచిదమ్మా. అల్లుడుగారు రాలేదా?" అంది. మామయ్య ఇబ్బందిగా పెన్ను అటూ ఇటూ తిప్పుతున్నాడు. మంచం మీద నుంచి నాన్న గొంతు వినిపించింది.

"మా అమ్మాయే పెడుతుందమ్మా. దానికియ్యండి."

టోక్యోలో నాకు సంతకం పెట్టేవాళ్ళు లేకపోయారు. ఇక్కడ సంతకం పెడతానన్న నన్ను లెక్కలోకి తీసుకోలేదు. రెండు చోట్లా కాగితానికి కావలసిన మనిషి ఒక అచ్చులో ఉన్నాడు. ఆ అచ్చులో మనం పట్టకపోతే కాసేపు అనాథలమే.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇక చూడ్డానికి వచ్చేవాళ్ళు మొదలయ్యారు. ఎనిమిది రోజుల్లో నలభై మందికి తక్కువ కాదు. బత్తాయిలు, బ్రెడ్డు, హార్లిక్స్, కొబ్బరి బొండాలు. "మా బావమరిదికీ ఇట్లాగే తొడ ఎముకే విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. పాపం, నెలకి పోయాడు" అని ఒక పెద్దాయన ధైర్యం చెప్పి వెళ్ళాడు. నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు, కుట్లు లాగుతున్నా.

పక్క మంచం సత్తెనపల్లి వైపు రైతు. ఆరోగ్యశ్రీ కింద చేరాడు. ఆయన భార్యని అక్కా అని పిలిచేదాన్ని. నేను మందుల షాపుకి వెళ్తే మా నాన్నని ఆవిడే లేపి మంచినీళ్ళు తాగించేది. మా క్యారియర్లో పప్పు వాళ్ళకి, వాళ్ళ గోంగూర మాకు. ఒకసారి ఆవిడతో "బిల్లు గొడవ లేదు కదక్కా, నయం" అన్నాను. "బిల్లు లేదు సరేనమ్మా, పది రోజుల నుంచి నా కూలి పోతంది గదా. అదెవరిస్తారు?" అంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాళ్ళకి ఆపరేషన్లు అందాయి, నిజమే. చాప మీద పడుకున్న మనిషి లెక్క మాత్రం ఇప్పటికీ ఏ బిల్లులోనూ లేదు.

అమ్మ మాత్రలు

ఆరో రాత్రి అమ్మ లేవబోయి మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయింది. కళ్ళు తిరుగుతున్నాయంది. డ్యూటీ సిస్టర్‌ని బతిమాలి బీపీ చూపిస్తే బాగా ఎక్కువుంది.

"మాత్రలు వేసుకున్నావా?"

అయిపోయి నాలుగు రోజులైందట. కింద మందుల షాపుకి రోజుకి పదిసార్లు తిరిగిన మనిషి, తనకి ఒక్క అట్ట తెచ్చుకోలేదు.

నాకు కోపం ఆగలేదు. వరండాలోకి తీసుకెళ్ళి తిట్టాను. "నీకేమన్నా అయితే నాన్న సంగతేంటి? నీ ఒంట్లో బాగోలేదని ఒక్క మాట చెప్పలేవా?"

"నువ్వు మాత్రం అన్నీ చెప్తున్నావేంటే?" అంది అమ్మ. ఊరికే అన్న మాటే. నేను మాత్రం తల దించుకున్నాను. అమ్మకి అర్థమైపోయింది.

అప్పుడు చెప్పాను. అంబులెన్స్, ఆపరేషన్, గోడ ముందు కూర్చుని మాట్లాడిన కాల్, అన్నీ. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒకటే అడిగింది.

"గంజి ఎవరు కాచిచ్చారే?"

"ఆసుపత్రి వాళ్ళేనమ్మా."

"ఉప్పేశారా?"

వేశారన్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ రాత్రి బలవంతంగా మామయ్య ఇంటికి పంపించి చాప మీద నేను పడుకున్నాను. పైన నాన్న గురక, పక్కన అక్క దగ్గు, వరండాలో ఎవరిదో ఫోన్. నిద్ర పట్టలేదు. టోక్యోలో ఆ కర్టెను వెనక కూడా పట్టలేదు. అక్కడ భయంతో పట్టలేదు, ఇక్కడ దోమలతో.

మన దగ్గర ఆసుపత్రిలో మనుషులు ఉండాలి. పక్కన కూర్చుని కబుర్లు చెప్పడానికి, చెయ్యి పట్టుకోవడానికి ఉండాలి. సిరంజీలు మోయడానికి, మంచం కింద పడుకుని సొంత మాత్రలు మర్చిపోవడానికి కాదు. జపాన్ ఆ రెండో పనిని తీసేసింది, దాంతో పాటు మొదటిదీ పల్చబడింది. మనం మొదటిదాన్ని నిలుపుకున్నాం, రెండోదాన్ని 'ప్రేమ' అని పిలిచి ఆడవాళ్ళ మీద పెట్టేశాం.

డిశ్చార్జి రోజు పొద్దున పదింటికి పంపిస్తామన్నారు. బీమా కంపెనీ నుంచి సరేనని మెయిల్ వచ్చేసరికి సాయంత్రం ఆరైంది. వీల్‌చైర్లో కూర్చున్న నాన్న అందరికీ దణ్ణం పెట్టి "వెళ్ళొస్తామమ్మా" అన్నాడు. వార్డు మొత్తం ఒక్కసారిగా "అట్లా అనకూడదు బాబాయ్!" అని కేకేసింది. టోక్యోలో నేను బయల్దేరేటప్పుడు బామ్మగారు కర్టెను కొంచెం పక్కకి తీసి "ఓదైజి ని" అంది. ఒంటిని జాగ్రత్తగా చూసుకో అని. ఆవిడ పేరు మంచం దగ్గర బోర్డు మీద చదివాను గానీ, ఎప్పుడూ పిలవలేదు.

ఇంటికొచ్చాక నాన్నకి రాత్రిపూట సాయానికి కూలికి ఒక మనిషిని పెట్టాం. "బయటి మనిషి ఎందుకే" అని అమ్మ రెండు రోజులు సణిగింది. మూడో రోజు రాత్రంతా నిద్రపోయింది.

విదేశాల్లో ఒంటరిగా ఉండే నాలాంటివాళ్ళకి ఒక మాట. ఒంట్లో బాగున్నప్పుడే మీ హామీదారు ఎవరో అడిగి పెట్టుకోండి. మీరు వేసుకునే మందులు, పడని మందులు అక్కడి భాషలో ఒక కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోండి. ఇంట్లో వాళ్ళ దగ్గర దాచకండి. దాస్తే వాళ్ళూ దాస్తారు.

తిరిగొచ్చాక ఆఫీసు రికార్డుల్లో అత్యవసరంగా ఫోన్ చెయ్యాల్సిన వ్యక్తి అన్న చోట, మేనేజరు పేరు కింద అమ్మ పేరు, నంబరు రాశాను. హెచ్ఆర్ అమ్మాయి చూసి "ఈవిడకి జపనీస్ వచ్చా?" అంది. రాదన్నాను. "ఇంగ్లీషు?" రాదన్నాను.

"మరి ఫోన్ చేస్తే ఏం చెప్పాలి?"

"నా పేరు చెప్పండి చాలు. మిగతాది ఆవిడ చూసుకుంటుంది" అన్నాను.